సాగనివ్వని ప్రసంగం



మన నెలవారీ సమావేశాల్లో ఒకరు మాట్లాడుతుంటే వెనుక వరుస నుంచి "ఇక చాలు, కూర్చోండి" అనడం ఈ మధ్య ఎక్కువైంది. విన్నప్పుడల్లా నాకు 1921 నాటి ఒక సభ గుర్తుకొస్తుంది.

ఆ ఏడు నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనిలో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు వితంతువుల చదువు కోసం జీవితం ధారపోసిన మహర్షి కార్వే. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ప్రసంగాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు గారు తెలుగులో మొదలుపెట్టగానే సభికుల్లో కొందరు గోల చేసి మాట సాగనివ్వలేదు. సంస్కారం కోసం పెట్టుకున్న సభలోనే సుమా!

మనసు నొచ్చిన తెలుగువారు 11 మంది ఆ రాత్రే కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. వారిలో మాడపాటి హనుమంతరావు గారొకరు. అది పెరిగి పెరిగి 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ అయింది. దానికి అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి గారు.

ఈ రెడ్డి గారిదే మరో ముచ్చట. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు రాశాడు. పేరెందుకు లెండి, తగవు మాటతో గాని మనిషితో కాదు. ప్రతాపరెడ్డి గారు ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. అందులో 354 మంది కవులు! మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, రిమార్కుకు జవాబుగా పూర్తి రికార్డే సమర్పించారన్నమాట.

ఇక్కడిదాకా చదివి మనం గర్వపడతాం. నేనూ చాలాకాలం పడ్డాను. కానీ ఒకటి చెప్పుకోవాలి. నేను గుమాస్తాగా చేరిన తొలి రోజుల్లో, మా ఇచ్చోడ వైపు ఒక గ్రామసభలో గోండు పెద్దాయన ఒకరు లేచాడు. సగం గోండీ, సగం తెలుగు. భూమి సంగతేదో ఎత్తుకున్నాడు. ఒక మాట తప్పు పలికితే వెనుక నిలబడ్డ మేం గుమాస్తాలం పకపకా నవ్వాం. ఆయన మావైపు ఓసారి చూసి, తలపాగా సర్దుకుని కూర్చున్నాడు.

వెంకటరామారావు గారికి ఆ రాత్రి కలిసి కూర్చోవడానికి పదిమంది చదువుకున్నవారు దొరికారు. ఈయన ఒక్కడే నడిచి గూడేనికి వెళ్లిపోయాడు. ఆనాటి సభ మినిట్సు రాసింది నేనే. ఆయన చెప్పవచ్చింది అందులో లేదు.