మతము అనే గడి: బాప్తిస్మ పుస్తకము నుండి డేటాబేస్ వరకు

డేటాబేస్ అనే మాట మన సంఘములకు క్రొత్తదే గాని, ఆ మాట వెనుక ఉన్న పని క్రొత్తది కాదు. మనుష్యుల పేర్లు వరుసగా వ్రాసి, ప్రతి పేరు ఎదుట కొన్ని గడులు గీసి, వాటిలో ఊరు, వయస్సు, తండ్రి పేరు, మతము నింపే పని సంఘము శతాబ్దాలుగా చేస్తూనే ఉన్నది. ఈ వ్యాసములో మేము కంప్యూటర్ల చరిత్ర వ్రాయబూనుకొనలేదు. ఒక్క గడి చరిత్రను మాత్రము వెదకుచున్నాము. అది మతము అనే గడి. ఆ గడి కాగితము మీద నుండి కార్డు మీదికి, కార్డు మీద నుండి కంప్యూటరు తెర మీదికి వెళ్ళిన కొలది, దానిని నింపిన మనిషి బ్రదుకును ఏ విధముగా మలచినదో చూపుటయే మా ఉద్దేశము.

లేఖనములు ఎరిగిన పాఠకులకు పేర్ల పట్టికలు క్రొత్త కావు. సంఖ్యాకాండములోని లెక్క, దావీదు చేయించిన లెక్క, ఔగుస్తు ఆజ్ఞ చొప్పున జరిగిన ప్రజాసంఖ్య మనము తరచుగా ప్రసంగించేవే. అయితే ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయము చివరి భాగముపై ప్రసంగము మేము అరుదుగా విన్నాము. చెర నుండి తిరిగి వచ్చిన కొన్ని యాజక కుటుంబముల వారు తమ వంశావళి కొరకు పుస్తకములలో వెదకుకొన్నారు. వారి పేర్లు దొరకలేదు. దొరకలేదు గనుక యాజకత్వము నుండి తొలగించబడినారు. వారు యాజకులు కారని ఎవరూ రుజువు చేయలేదు. మనుష్యులు ఎదుట నిలిచి ఉన్నారు, పుస్తకములో మాత్రము లేరు. ఊరీము తుమ్మీము గల యాజకుడు వచ్చువరకు వేచి ఉండవలెనని అధికారి వారికి చెప్పినాడు. రేషను దుకాణము ముందు, యంత్రములో వేలిముద్ర పడని ముసలి తల్లితో రేపు రమ్మని చెప్పుట వినినవారికి ఈ మాట ఎక్కడో విన్నట్లే ఉంటుంది.

ఇక సంఘ చరిత్రకు వద్దాము. 1538లో ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీ రాజు మంత్రి థామస్ క్రాంవెల్, ప్రతి సంఘములో బాప్తిస్మములు, వివాహములు, సమాధులు ఒక పుస్తకములో నమోదు చేయవలెనని ఆజ్ఞ జారీ చేసెను. ఇదేదో క్రొత్త పన్ను కొరకేనని ప్రజలు భయపడినారు. 1563లో ట్రెంట్ మహాసభ రోమను కతోలిక విచారణకర్తలు వివాహముల పుస్తకము ఉంచవలెనని నిర్ణయించెను. ఇంగ్లండులో దాదాపు మూడు వందల సంవత్సరములు ఒక మనిషి ఎప్పుడు పుట్టెనో, ఎవరి బిడ్డయో, ఆస్తి ఎవరికి చెందునో తేల్చుటకు ముఖ్యాధారము సంఘపు పుస్తకమే. ఇక్కడ మన బాప్టిస్టు సహోదరులు గమనించదగిన సంగతి ఒకటి ఉన్నది. బాప్టిస్టులు శిశువులకు బాప్తిస్మమియ్యరు గనుక వారి బిడ్డలు ఆ పుస్తకములోనికి రాలేదు. పుట్టిన బిడ్డ పుట్టినట్టు రుజువు లేకుండెను. బాప్టిస్టులు, ప్రెస్బిటేరియనులు, స్వతంత్ర సంఘముల వారు కలిసి లండనులో వేరుగా ఒక నమోదు కార్యాలయము పెట్టుకొన్నారు. 1836లో చట్టము చేసి, మరుసటి సంవత్సరము నుండి ప్రభుత్వమే జనన మరణములు నమోదు చేయుటకు ఇటువంటి వారి మొర కూడ ఒక కారణము.

మన తెలుగు నేలకు వస్తే, 1878 జూలై 3న ఒంగోలు సమీపమున గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన వేదాంత కళాశాలలలో చదువని విద్యార్థి ఉండడు. 1876-78 మహాక్షామము, బకింగ్‌హాం కాలువ పని, జాన్ క్లౌ దొర కరవు కాలములో బాప్తిస్మములు ఆపి ఉంచుట, ఇవన్నియు ఎరిగినవే. మేము జ్ఞాపకము చేయదలచినది పేర్ల జాబితాను. అంతమందిని ఒక్క దినములో లెక్క తప్పకుండ నదిలోనికి దింపవలెనంటే పేర్లు వ్రాసినవారు, చదివినవారు ఉండవలెను. ఆ దినమున నీటిలో దిగినవారిలో అధికులు మాదిగలు. అంతవరకు వారి పేరు ఎక్కడైనా వ్రాయబడి ఉంటే అది బహుశా ఆసామి అప్పు పద్దులోనే. సంఘపు పుస్తకములో వ్రాయబడిన పేరుకు మరియొక విలువ ఉండెను. ఆ పుస్తకములను పొగడవలసినంత పొగడుట న్యాయమే. అయితే అవి కూడ గడులు గీసిన పుస్తకములేనని మరువరాదు.

ఆ కాలముననే ఆంగ్ల ప్రభుత్వము భారతదేశమంతట జనాభా లెక్కలు మొదలుపెట్టెను. 1871-72లో మొదటి ప్రయత్నము, 1881లో దేశమంతటా ఒకే రాత్రిని ప్రమాణముగా తీసికొని లెక్క జరిగెను. కులము గడి 1931 వరకు సాగెను. ఈ లెక్కలు కులమును కనిపెట్టలేదు గాని, ఊరూరికి మారుతూ ఉండిన కుల వ్యవస్థను ఒక అఖిల భారత పట్టికగా గడ్డ కట్టించినవని చరిత్రకారులు అనేకులు వ్రాసినారు. అది సబబేనని మా అభిప్రాయము.

కాగితము మీద గడి ఉన్నంత కాలము దాని ప్రక్కన అంచు ఉండెను. గుమాస్తాకు సందేహము కలిగితే అంచులో ఒక మాట వ్రాసికొనెడివాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హొలెరిత్ అనే ఇంజనీరు రంధ్రముల కార్డులను, వాటిని లెక్కించే విద్యుత్ యంత్రమును తెచ్చెను. సుమారు 6 కోట్ల 26 లక్షల మంది ఆ కార్డులలోనికి వెళ్ళినారు. అతని కంపెనీ మరికొన్నిటితో కలిసి 1924లో ఐబీఎం అనే పేరు ధరించెను. కార్డులో రంధ్రము ఉన్నదా లేదా అనే యంత్రము చూచును. అంచులో వ్రాసినది యంత్రము చదువదు. మా దృష్టిలో డేటాబేస్ చరిత్రలో అసలు మలుపు ఇదే.

ఆ గడి ఎంత పని చేయగలదో నెదర్లాండ్స్ దేశ చరిత్ర చూపును. ఆ దేశములో పౌరుల నమోదు చాల చక్కగా ఉండెడిది. ప్రతి మనిషికి ఒక కార్డు, ఆ కార్డులో మతము కూడ ఉండెను. దానిని వ్రాసినవారికి చెడు తలంపు ఏమియు లేదు. 1940లో జర్మను సైన్యము ఆ దేశమును ఆక్రమించెను. నమోదు శాఖలో యాకోబస్ లెంట్స్ అనే అధికారి ఉండెను. పని మీద అతనికి ఉన్న శ్రద్ధ అపారము. ఎవరూ సులువుగా అనుకరించలేని గుర్తింపు కార్డును అతడు తయారు చేసెను. యూదుల కార్డుల మీద పెద్ద అక్షరము ముద్రించబడెను. ఆ దేశములోని సుమారు 1,40,000 మంది యూదులలో 1,00,000 మందికి పైగా చంపబడినారు. పశ్చిమ ఐరోపాలో మరే దేశములోను ఇంత అధిక భాగము నశించలేదు. ఇందుకు కారణములు అనేకము గాని, సిద్ధముగా ఉండిన పట్టికలు వాటిలో ఒకటి. 1943 మార్చి 27 రాత్రి చిత్రకారుడు విల్లెం అరోండేయస్, శిల్పి గెరిట్ వాన్ డెర్ వేన్, వారి మిత్రులు పోలీసు దుస్తులు ధరించి ఆమ్‌స్టర్‌డాం నమోదు కార్యాలయములో చొరబడి కార్డులకు నిప్పు పెట్టినారు. కొంత భాగమే కాలెను. ఆ జూలై 1న వారిలో పన్నెండుగురు కాల్చి చంపబడినారు. ఫ్రాన్సులో రెనే కార్మిల్ అనే అధికారి తన చేతిలోని కార్డుల యంత్రములు యూదులను వెదకుటకు ఉపయోగపడకుండ చేసెను. అతడు 1944లో పట్టుబడి, 1945 జనవరిలో డకావ్ శిబిరములో మరణించెను. లెంట్స్, కార్మిల్ ఇద్దరును ఒకే వృత్తివారు. ఇద్దరి చేతిలోను అదే గడి ఉండెను.

కంప్యూటరు కాలమునకు వచ్చునప్పటికి, 1970లో ఐబీఎంలో పని చేయుచున్న ఎడ్గర్ కాడ్ అనే గణితజ్ఞుడు సమాచారమును పట్టికలుగా అమర్చే పద్ధతిని ప్రతిపాదించెను. బ్యాంకు మొదలుకొని రైలు టికెట్టు వరకు మనము తాకే దాదాపు ప్రతి వ్యవస్థ వెనుక ఈ పద్ధతి గాని, దాని సంతతి గాని ఉన్నది. ఇందులో ప్రతి నిలువు గడికి ఒక డొమైన్ ఉండును. అనగా ఆ గడిలో ఏయే జవాబులు చెల్లునో ముందుగానే నిర్ణయమై ఉండును. తెర మీద గడిని తాకగానే క్రిందికి జారే జాబితాలో మనము చూచేది ఆ జవాబులనే. ఎఱ్ఱ నక్షత్రము గుర్తు ఉన్న గడి నింపకపోతే తరువాతి పేజీ తెరచుకొనదు. జవాబు మనదే గాని, ఏ జవాబులు సాధ్యమో నిర్ణయించినది మరియొకరు.

ఇప్పుడు మన సంగతి. 1950 ఆగస్టు 10న వెలువడిన షెడ్యూల్డు కులముల ఉత్తర్వు మూడవ పేరా ప్రకారము హిందువు కాని వ్యక్తి షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలో బీసీ-సి గా లెక్కించబడి, ఒక శాతము రిజర్వేషనుతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. జనాభా లెక్కల ఫారములో మతము గడి ముందు, కులము గడి తరువాత. 2011 లెక్కలలో గణకులకు ఇచ్చిన సూచన ప్రకారము మతము గడిలో క్రైస్తవుడని వ్రాస్తే, షెడ్యూల్డు కులము గడి అతనికి మూయబడినట్లే. షెడ్యూల్డు తెగల వారికి ఈ షరతు లేదు.

దీని ఫలితము అంకెలలో కనబడును. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 లెక్కల ప్రకారము క్రైస్తవులు సుమారు 18 లక్షలు, జనాభాలో 4.2 శాతము. 1981లో 2.7 శాతము. 2001లో 1.55 శాతము. 2011 నాటికి సంఖ్య 11 లక్షల చిల్లర, శాతము 1.34. ఈ నలుబది సంవత్సరములలోనే మన పల్లెలలో ప్రార్థనా మందిరములు ఎన్ని లేచినవో పాఠకులకు చెప్పనక్కరలేదు. విశ్వాసము తగ్గినందున ఈ అంకె తగ్గలేదు. విద్య, ఉద్యోగము, హాస్టలు సీటు ఏ గడి గుండా వచ్చునో ప్రజలు తెలిసికొన్నందున తగ్గినదని మా నమ్మకము. వారిని అబద్ధికులని నిందించే ప్రసంగములు మేము విన్నాము. మాదిగగా పుట్టి, మాదిగగానే ఊరి బావి వద్ద అవమానము పొంది, ఆదివారము క్రీస్తును ఆరాధించే మనిషికి రెండు సత్యములు ఉన్నవి. ఫారములో ఒక్క సత్యమునకే చోటు ఉన్నది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కుల హోదా కోరుతూ తీర్మానము చేసెను. కేంద్ర ప్రభుత్వము అంతకు ముందే, 2022 అక్టోబరులో, ఈ ప్రశ్నను పరిశీలించుటకు జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషనును నియమించి ఉండెను.

ఒకప్పుడు ఈ రెండు సత్యముల నడుమ ఊరి కరణము ఉండెను. అతడు మంచివాడని మేము చెప్పము. ఎందరి భూములు అతని కలము క్రింద మాయమైనవో చరిత్రకు తెలుసు. అయినను అతనికి మనిషి తెలుసు, ఏడుపు వినబడును, బ్రతిమాలవచ్చును. 1984లో ఆ వ్యవస్థ రద్దయినది. 2011 నుండి మీసేవ కేంద్రములలో కుల ధ్రువపత్రములకు దరఖాస్తులు పెట్టుకొనుచున్నాము. లంచము తగ్గెను, తిరుగుట తగ్గెను. ఈ మేలును కాదనుట కృతఘ్నత. అయితే ఒక పుస్తకములోని పేరును మరియొక పుస్తకములోని పేరుతో పోల్చి చూచుట ఇప్పుడు క్షణముల పని. ఆధార్ చట్టము 2016 ప్రకారము ఆధార్ కొరకు కులము గాని మతము గాని అడుగరాదు. అది మంచి నియమమే. కాని ఆ సంఖ్య దారము వంటిది. కులము వ్రాసిన పూసను, మతము వ్రాసిన పూసను ఒకటిగా గ్రుచ్చగలదు. పోలికలు తప్పితే ఏమగునో తెలంగాణలో చూచాము. కంప్యూటరు ద్వారా అనేక శాఖల వివరములు పోల్చి అనర్హులని తేల్చినవారితో సహా, సుమారు 19 లక్షల రేషను కార్డులు రద్దు కాగా, వాటిని క్షేత్రస్థాయిలో మరల పరిశీలించవలెనని సుప్రీంకోర్టు 2022లో ఆదేశించెను. ఎజ్రా కాలపు యాజకులకు కనీసము తమ పేరు ఎందుకు దొరకలేదో తెలుసు.

ఇందులో కాపరులకు నేరుగా సంబంధించిన భాగము 2024 నవంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు. షెడ్యూల్డు కుల ధ్రువపత్రము కోరిన పుదుచ్చేరి స్త్రీ ఒకామె అభ్యర్థనను న్యాయస్థానము తిరస్కరించెను. ఆమె క్రైస్తవురాలని నిర్ధారించుటకు న్యాయస్థానము చూచిన ఆధారములలో ఒకటి, ఆమె శైశవములో సంఘము వ్రాసికొన్న బాప్తిస్మ నమోదు. పరలోకపు పౌరసత్వమునకు గుర్తుగా ఒక గురువు వ్రాసిన వరుస, మూడు దశాబ్దముల తరువాత ఒక ఉద్యోగార్థి దారిని మూసెను. ఆ తీర్పు న్యాయాన్యాయములు న్యాయవాదులు చర్చించవచ్చును. మన పుస్తకము మన బీరువాలోనే ఉండునని తలంచుట మాత్రము ఇక చెల్లదు.

అది కూడ పాత మాటే. గుండ్లకమ్మ జాబితా మిషను పెట్టెలో ఉండెను. నేటి బాప్తిస్మము ముగిసి తడి బట్టలు మార్చుకొనక ముందే ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గుంపులలో ముఖములు, పేర్లు, ఊరు, తేదీ అన్నియు వెళ్ళిపోవుచున్నవి. పెట్టినవారు యౌవనస్థులు, ఉద్దేశము సాక్ష్యమే. కాని ఆ స్త్రీ భర్త ఇంటివారికి తెలుసునా, ఆమె కుమారుని ధ్రువపత్రము ఏ కార్యాలయములో పరిశీలనలో ఉన్నది, అడిగినవారు లేరు. ఉత్తరప్రదేశ్ 2021 చట్టము వలె మతము మారుటకు ముందే కలెక్టరుకు తెలియజేయవలెననే చట్టములు ఉన్న రాష్ట్రములలో సేవ చేయుచున్న మన తెలుగు సువార్తికులు కూడ ఇవే గుంపులలో ఉన్నారు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2023లో వచ్చినది. సంఘ సభ్యుల జాబితాను కంప్యూటరులో ఉంచే ప్రతి కార్యదర్శి దానిని ఒకసారి చదువుట మంచిది.

2027 జనాభా లెక్కలను కుల గణనతో సహా, మొబైలు ఫోనుల ద్వారా జరిపించెదమని కేంద్ర ప్రభుత్వము 2025లో ప్రకటించెను. ఇంటివారు తామే వివరములు నింపుకొనే వీలు కూడ ఉండునని చెప్పబడినది. అనగా ఈసారి మన సభ్యులలో కొందరు గణకుడు లేకుండ, తెర ఎదుట ఒంటరిగా కూర్చుండి ఆ రెండు గడులను చూచెదరు. నింపుటకు ముందు కాపరి యొద్దకు వచ్చి అడిగేవారు ఉందురు. క్రీస్తును దాచమని మనము చెప్పలేము. నీ బిడ్డ సీటు వదులుకొమ్మని చెప్పుటకు ఆ సీటు మనది కాదు. ఈ ప్రశ్నను ఒక్కొక్క కాపరి తన గదిలో ఒంటరిగా ఎదుర్కొనక మునుపే మన సంఘముల సమాఖ్యలు, వేదాంత కళాశాలలు దళిత క్రైస్తవ పెద్దలను, న్యాయవాదులను ఒక చోట కూర్చుండబెట్టవలెను. బాప్తిస్మ పుస్తకములో ఏ గడులు ఉండవలెను, ఏవి తీసివేయవలెను, దానిని ఎవరికి ఏ షరతుపై చూపవలెను అనునవి అక్కడ మొదట తేలవలసిన విషయములు.