తెల్లకణముల లెక్క: ప్రయోగశాల నుండి రోగి ఇంటికి

ఒక ఘన మిల్లీమీటరు రక్తమును, అనగా సుమారు ఒక ఆవగింజంత బొట్టును పరీక్షించినట్లయితే అందులో దాదాపు 50 లక్షల ఎర్రకణములు కనిపిస్తవి. తెల్లకణములు మాత్రము 4,000 నుండి 11,000 వరకే ఉంటవి. సంఖ్యలో ఇంత తక్కువైనా, రోగక్రిములు శరీరము మీదికి దండెత్తి వచ్చినప్పుడు ముందుగా ఎదుర్కొనేవి ఇవే. పెద్దవారిలో వీటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్ అనే జాతికి చెందినవి. బాక్టీరియాలను మింగి చంపడము వీటి పని.

క్యాన్సరుకు రసాయన చికిత్స పొందుతున్న రోగికి ఈ న్యూట్రోఫిళ్ల సంఖ్య ప్రాణముతో ముడిపడిన సంఖ్య. దానిని మానవుడు లెక్కించడము ఎట్లా నేర్చుకున్నాడో, ఆ లెక్క ఆసుపత్రిని దాటి రోగి ఇంటికి ఎందుకు రావలసి వచ్చినదో చూద్దాము.

చేతి లెక్కలు

1852లో జర్మనీలో కార్ల్ ఫీరోర్ట్ అనే శాస్త్రజ్ఞుడు కొలిచి తీసిన రక్తమును పలుచన చేసి, గాజుపలక మీద పరచి, సూక్ష్మదర్శిని క్రింద కణములను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. ఒక్క లెక్కకు గంటల కొద్దీ కాలము పట్టేది. 1870 తర్వాత ఫ్రాన్సులో మలాసే, ఇంగ్లండులో గవర్స్ మొదలైనవారు లోతు తెలిసిన గాజు అరలను, గళ్లను ఉపయోగించి ఈ పనిని సులభము చేశారు. 1879 ప్రాంతమున పాల్ ఎర్లిక్ రక్తకణములకు రంగులు పట్టించి, తెల్లకణములలోని జాతులను వేరు వేరుగా గుర్తించే మార్గము చూపాడు.

అయితే ఈ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము ఆసుపత్రి నుండి గాక, డబ్లిన్ నగరములోని గిన్నెస్ బీరు కర్మాగారము నుండి వచ్చినది! అక్కడి ఉద్యోగి విలియం గాసెట్ ఈస్టు కణములను ఇట్టి గళ్ల పలక మీదనే లెక్కించేవాడు. ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో 1907లో అతడు ప్రకటించిన వ్యాసము సారాంశము ఇది: లెక్కలోని హెచ్చుతగ్గులు సుమారుగా లెక్కించిన కణముల సంఖ్యకు వర్గమూలమంత ఉంటవి. 400 కణములు లెక్కిస్తే తేడా సుమారు 20, అంటే నూటికి 5. కణములు 25 మాత్రమే అయితే తేడా 5, అంటే నూటికి 20. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. బియ్యములో గుప్పెడు మినుములు బాగుగా కలిపి, పిల్లలచేత ఒక్కొక్క చెంచా తీయించి మినుములు లెక్కపెట్టిస్తే, లెక్క చెంచా చెంచాకు మారుతూ ఉంటుంది.

విషము మందైన విధము

మొదటి ప్రపంచయుద్ధములో మస్టర్డు విషవాయువు సోకిన సైనికుల రక్తములో తెల్లకణములు క్షీణించినట్లు 1919లో వైద్యులు ప్రకటించారు. తెల్లకణములను నశింపజేసే పదార్థము తెల్లకణములు అదుపు లేకుండా పెరిగే క్యాన్సర్లను కూడ అణచగలదా? రెండవ యుద్ధకాలములో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయములో గుడ్‌మన్, గిల్‌మన్ అనేవారు దీనికి సంబంధించిన నైట్రొజన్ మస్టర్డును పరిశోధించారు. 1942 ఆగస్టులో ఒక రోగికి దానిని ఇచ్చారు. కణితి కరిగినది, కాని తెల్లకణములు ప్రమాదకరముగా పడిపోయినవి. కణితి మళ్లీ పెరిగి ఆ సంవత్సరాంతములోనే రోగి మరణించాడు. యుద్ధరహస్యము కారణముగా ఈ ఫలితములు 1946లో గాని వెలువడలేదు.

1948లో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో ల్యుకీమియా పిల్లలకు అమినాప్టెరిన్ ఇచ్చి, కొందరికి తాత్కాలికముగానైనా వ్యాధి తగ్గినట్లు చూపాడు. ఆ మందు లెడర్లీ ప్రయోగశాలలో తయారైనది. అక్కడి పరిశోధనకు నాయకుడు భీమవరములో 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఈ మందులన్నిటికీ ఒక చిక్కు కలదు. త్వరత్వరగా విభజన చెందే కణములను అవి దెబ్బతీస్తవి. అది క్యాన్సరు కణమా, ఎముకల మూలుగలోని మేలైన కణమా అని చూడవు. ఎర్రకణము సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. న్యూట్రోఫిల్ రక్తములో ఉండేది కొన్ని గంటలే. కొత్తవి పుట్టకపోతే పాతవాటి నిలువ త్వరలోనే తరిగిపోతుంది. 1966లో అమెరికాలో జెరాల్డ్ బోడీ, అతని సహచరులు ల్యుకీమియా రోగులను పరిశీలించి, ఈ కణములు ఘన మిల్లీమీటరుకు 1,000 కంటె తగ్గిన కొద్దీ అంటురోగముల ప్రమాదము పెరుగుతుందని, 500 లోపు మరీ హెచ్చుతుందని అంకెలతో నిరూపించారు.

యంత్రము, ఆ తర్వాత ఇల్లు

అప్పటికే లెక్కించే పని యంత్రము చేతికి వచ్చినది. అమెరికాలో వాలెస్ కౌల్టర్‌కు 1953లో పేటెంటు లభించిన సాధనములో రక్తకణములు ఉప్పునీటిలో తేలుతూ సన్నని రంధ్రము గుండా పోతవి. ఆ రంధ్రములో విద్యుత్తు ప్రవహిస్తుంటుంది. కణము అడ్డురాగానే విద్యుత్ నిరోధము క్షణకాలము పెరుగుతుంది. ఆ పెరుగుదలలను లెక్కపెడితే కణముల లెక్క తేలుతుంది. ఒకప్పుడు గంటలు పట్టిన పని నిమిషములోపు పూర్తి అయినది. రసాయన చికిత్స ఆసుపత్రులలో విస్తరించడానికి ఈ యంత్రము ఎంతో తోడ్పడినది.

అయినా ఒక లోటు మిగిలినది. చాల మందులకు న్యూట్రోఫిళ్లు అన్నిటికంటె తక్కువగా ఉండేది మందు ఇచ్చిన 7వ రోజు మొదలు 14వ రోజు వరకు. అప్పుడు రోగి ఇంటివద్ద ఉంటాడు. పరీక్ష సాధారణముగా జరిగేది మూడు వారముల తర్వాత, తదుపరి మోతాదుకు ముందు. అంటే గండము గడిచిన పిమ్మట లెక్క చూస్తున్నాము! పోనీ నడుమ ఆసుపత్రికి పోదామంటే, రోగనిరోధము లేని మనిషి రోగుల గుంపులో కూర్చొనవలసి వస్తుంది. ఆసుపత్రి దూరమైన కొద్దీ అలసట, ఖర్చు అదనము.

మధుమేహ రోగులు ఇంటివద్దనే రక్తములోని చక్కెరను చూచుకొనడము 1980 తర్వాత వ్యాపించినది. తెల్లకణములకు ఆ సౌకర్యము ఎందుకు ఆలస్యమైనది? చక్కెర రక్తమంతటా కరిగి ఉంటుంది. కణములను వెదకి లెక్కించాలి. ఇక్కడ గాసెట్ సూత్రమే అడ్డు వస్తున్నది. ఒక చిన్న సాధనము ఘన మిల్లీమీటరులో పదవ వంతు రక్తమును మాత్రమే చూస్తుందనుకొందాము. న్యూట్రోఫిళ్లు 4,000 ఉన్నవానికి దానిలో 400 కనిపిస్తవి. 500 ఉన్నవానికి 50. తేడా 7, అంటే నూటికి 14. 100 మాత్రమే ఉన్నవానికి కనిపించేవి 10. తేడా నూటికి 30 దాటుతుంది. ఎక్కడ ప్రమాదము ఎక్కువో అక్కడనే లెక్క గురి తప్పుతున్నది. పైగా వేలిని గట్టిగా పిండితే కండలోని ద్రవము కలిసి రక్తము పలుచబడుతుంది.

ఈ చిక్కును దాటడానికి రెండు మార్గములు ఏర్పడినవి. ఒకటి, వేలి నుండి తీసిన రక్తపు బొట్టునే చిన్న యంత్రముతో పరీక్షించడము. రెండవది, సూది అవసరము లేకుండా గోటి మొదట ఉండే సన్నని రక్తనాళములను కెమెరాతో చూడడము. ఎర్రకణములలోని హీమోగ్లోబిన్ కొన్ని రంగుల కాంతిని పీల్చుకొంటుంది, తెల్లకణము పీల్చుకొనదు. కనుక తెల్లకణము పోయినప్పుడు నాళములో ఒక వెలుగు ఖాళీ కనిపిస్తుంది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు, వారి సహచరులు 2018లో ఈ పద్ధతిని రసాయన చికిత్స రోగులలో ప్రకటించారు. అది కచ్చితమైన సంఖ్య చెప్పే పద్ధతి కాదు. తీవ్రమైన కొరత ఉన్నదా, లేదా అని తేల్చడమే దాని ఉద్దేశము.

వైద్యునికి కావలసినది కూడ చాల సందర్భములలో ఆ ఒక్క సమాధానమే. అయితే ఒక హెచ్చరిక అవసరము. ఇంటి పరీక్ష జ్వరమాపకానికి బదులు కాదు. రసాయన చికిత్స పొందుతున్న వ్యక్తికి 38 డిగ్రీల సెంటిగ్రేడు జ్వరము వచ్చినదంటే, ఇంటిలోని యంత్రము ఏ అంకె చూపినా, వెంటనే ఆసుపత్రికి చేరవలసినదే. న్యూట్రోఫిళ్లు లేనివానికి చీము పట్టదు, వాపు రాదు. అనేక సమయములలో జ్వరమొక్కటే రోగచిహ్నము. లెక్క రోగికి దగ్గర కావడము మంచిదే. ఆ లెక్కలో ఎంత తేడా ఉండవచ్చునో తెలిసి వాడుకొన్నప్పుడే అది రోగికి రక్ష అవుతుంది.