షోయబుల్లాఖాన్ – ‘ఇమ్రోజ్’: తెలంగాణ పత్రికా చరిత్రలో ఒక ఉర్దూ అధ్యాయం

తెలంగాణ పత్రికా చరిత్ర అనగానే సాహిత్య పరిశోధకుల దృష్టి 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో వెలువడిన గోలకొండ పత్రిక మీదికి పోవడం సహజం. అయితే నిజాం రాజ్యంలో పాలనాభాష, ఉన్నతవిద్యాభాష ఉర్దూ. ఏలికలను ఆ భాషలోనే ప్రశ్నించిన పత్రికలను విడిచిపెడితే ఆ చరిత్ర అసమగ్రమవుతుంది. విడిచిపోయిన ఆ భాగానికి ప్రతినిధి షోయబుల్లాఖాన్ (1920–1948).

నేటి మహబూబాబాద్ ప్రాంతంలో జన్మించిన ఆయన ‘తేజ్’ పత్రికతో పాత్రికేయ జీవితం ప్రారంభించాడు. అది నిషేధానికి గురికాగా మందుముల నరసింగరావు నడిపిన ‘రయ్యత్’లో చేరాడు. దానికీ అదే గతి పట్టిన తరువాత బూర్గుల రామకృష్ణారావు ప్రభృతుల తోడ్పాటుతో 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ దినపత్రికను స్థాపించాడు. ఇమ్రోజ్ అంటే ‘నేడు’. బాధ్యతాయుత ప్రభుత్వం, భారత యూనియన్‌లో విలీనం, రజాకార్ల దౌర్జన్యాల ఖండన ఆ పత్రిక ప్రధాన స్వరాలు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక కాచిగూడలోని కార్యాలయం నుంచి ఇంటికి వెళ్తున్న ఆయనపై దుండగులు కాల్పులు జరిపి, చేయి నరికారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్‌ఖాన్ కూడా గాయపడ్డాడు. షోయబుల్లాఖాన్ 22వ తేదీ వేకువన మరణించాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు. నాలుగు వారాలు తిరగకముందే, సెప్టెంబరు 17న, నిజాం ప్రభుత్వం లొంగిపోయింది.

ముస్లిం ప్రజలందరి పక్షాన తామే మాట్లాడుతున్నామన్నది ఖాసిం రజ్వీ వర్గం వాదన. ఒక ముస్లిం సంపాదకుడు ఉర్దూలో రాసిన విలీన సమర్థన ఆ వాదన పునాదినే కదిలించింది. ఇవే అభిప్రాయాలు తెలుగులో వెలువడితే వాటిని పరుల మాటగా తోసిపుచ్చే వీలుండేది. ఉర్దూ రాతకు ఆ వీలు లేదు.

ఈ సందర్భంలో మెక్సికన్-అమెరికన్ పాత్రికేయుడు రూబెన్ సలజార్ గుర్తుకు రావడం సమంజసం. లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో చికానోల పౌరహక్కుల ఉద్యమాన్ని ఆంగ్ల పాఠకులకు వివరించిన ఆయన, ఆ తరువాత స్పానిష్ టెలివిజన్ కేంద్రానికి వార్తా సంచాలకుడయ్యాడు. 1970 ఆగస్టు 29న వియత్నాం యుద్ధ వ్యతిరేక ప్రదర్శన నాడు, పోలీసు అధికారి ప్రయోగించిన బాష్పవాయు గుండు తగిలి మరణించాడు. ఇద్దరి పరిస్థితులు వేరు, మరణాల తీరు వేరు. కాని ఏ భాషలో, ఎవరిని ఉద్దేశించి రాయాలన్న ప్రశ్న ఇద్దరి వృత్తిలోనూ కీలకం. మరణ ఘట్టం రచనలను కప్పివేయడం ఇద్దరి వారసత్వానికీ ఎదురైన ప్రమాదం.

షోయబుల్లాఖాన్ విషయంలో ఈ ప్రమాదం స్పష్టం. స్మారక ప్రసంగాలలో తెగిన చేయి నిలిచింది గాని, ఆ చేయి రాసిన సంపాదకీయాలు తెలుగు పాఠకునికి దూరంగానే ఉన్నాయి. దీనికి కారణం భాషల వారీగా చరిత్రను పంచుకునే మన పద్ధతి. జహీరాబాద్ ప్రాంతాన్ని చూస్తే ఆ పద్ధతి చాలనితనం బోధపడుతుంది. 1956 వరకు బీదర్ జిల్లాలో ఉండి, పిమ్మట మెదక్ జిల్లాలో చేరిన ఈ సీమలో తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీలు కలిసి మెలగుతాయి. 1948 సెప్టెంబరులో షోలాపూర్ దిక్కు నుంచి భారత సైన్యం హైదరాబాదుకు సాగిన బాట ఇదే. ఇటువంటి సీమ అనుభవాన్ని ఒక్క భాషలోని ఆధారాలతో పునర్నిర్మించడం సాధ్యం కాదు.

కనుక ‘ఇమ్రోజ్’ రచనలను సేకరించి అనువదించడం తెలుగు శాఖల బాధ్యతలలో ఒకటి కావాలి. షోయబుల్లాఖాన్‌ను అమరునిగా స్మరించుకోవడంతో పాటు రచయితగా చదవడం అప్పుడే మొదలవుతుంది.