ఇంజనీరుకు మేనేజిమెంటు చదువు ఎందుకు పుట్టింది?

పిట్స్‌బర్గ్ పేరు వినగానే మనలో చాలామందికి పెన్‌హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడి గుర్తుకు వస్తుంది. ఆ ఊరికి మన ఉద్యోగాలతో కూడా ఒక సంబంధం ఉంది. ఇంజనీరింగ్, సైన్సు చదివినవారి కోసమే ఉద్దేశించిన మేనేజిమెంటు డిగ్రీకి స్పష్టమైన రూపం వచ్చినచోట్లలో అది ముఖ్యమైనది. ముందు బి.ఇ., తర్వాత ఎం.ఎస్., కొన్నేళ్ళ ఉద్యోగం, ఆపైన సాయంత్రం క్లాసుల్లో ఎం.బి.ఏ. - ఇది మన ఇళ్ళలో బాగా నలిగిన దారి. ప్రమోషన్‌కు నిచ్చెన అని చేరేవారే ఎక్కువ. ఈ చదువు అసలు ఎందుకు పుట్టిందని అడిగేవారు తక్కువ. పుట్టుక తెలిస్తే, అది మనకు కావాలో వద్దో తేల్చుకోవటం సులువవుతుంది.

కథ 1886లో మొదలవుతుంది. ఆ ఏడు చికాగోలో జరిగిన అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం సమావేశంలో హెన్రీ టౌన్ ఒక వ్యాసం చదివాడు. ఆయన తాళాలు తయారుచేసే యేల్ అండ్ టౌన్ కంపెనీ అధిపతి, స్వయంగా ఇంజనీరు. ఫాక్టరీ నడపటం కూడా ఇంజనీరింగ్ అంత ముఖ్యమైన విషయమేననీ, జమాఖర్చులు, కూలి లెక్కలు గుమాస్తాల పని అని ఇంజనీర్లు వదిలేయకూడదనీ ఆయన వాదన. అదే సంఘానికి చెందిన ఫ్రెడరిక్ టేలర్ ఈ దారిలో మరింత ముందుకు పోయాడు. స్టాప్‌వాచీ పట్టుకుని కార్మికుడి ప్రతి కదలికనూ కొలిచి, 1911లో తన శాస్త్రీయ నిర్వహణ సూత్రాలను పుస్తకంగా వేశాడు. ఆ సంవత్సరమే మాసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధాగారంలో, స్టాప్‌వాచీ వద్దంటూ పోతపనివారు పని మాని బయటికి వచ్చేశారు. యంత్రాన్ని కొలిచినట్టు మనిషిని కొలిస్తే ఏమవుతుందో తొలినాళ్ళలోనే తెలిసివచ్చింది.

1914లో ఎం.ఐ.టి. ఇంజనీరింగ్ అడ్మినిస్ట్రేషన్ అనే కోర్సు ప్రారంభించింది. 1895లో అక్కడే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ తర్వాత జనరల్ మోటార్స్‌ను నడిపాడు. ఆయన పేరుతో ఉన్న ఫౌండేషన్ సొమ్ముతో 1952లో ఎం.ఐ.టి.లో ప్రత్యేక స్కూలు వెలిసింది. 1964లో దానికి ఆయన పేరే పెట్టారు.

ఇక పిట్స్‌బర్గ్ సంగతి. గల్ఫ్ ఆయిల్ కంపెనీకి చెందిన విలియం లారిమర్ మెల్లన్ ఇచ్చిన 60 లక్షల డాలర్ల విరాళంతో కార్నెగీ టెక్ 1949లో పారిశ్రామిక నిర్వహణకు పట్టభద్రుల స్కూలు ఒకటి తెరిచింది. ఇచ్చే డిగ్రీ ఎం.బి.ఏ. కాదు, మాస్టర్ ఆఫ్ సైన్స్. యంత్రాలూ గణితమూ తెలిసిన కుర్రవాడికి ఆర్థికశాస్త్రం, మానవ ప్రవర్తన నేర్పితే మంచి నిర్వాహకుడు అవుతాడని వారి నమ్మకం. తొలి డీన్ లీలాండ్ బాక్ ఆర్థికవేత్త. ఆయన పిలుచుకువచ్చిన హెర్బర్ట్ సైమన్ చదివింది రాజనీతిశాస్త్రం.

అక్కడ చదువు కేవలం నల్లబల్ల మీద సాగలేదు. విమానాల పెట్రోలు ఏ పాళ్ళలో కలిపితే లాభమో లీనియర్ ప్రోగ్రామింగ్‌తో తేల్చారు. ఒక రంగుల ఫాక్టరీలో నెలనెలా ఎంత సరుకు తీయాలి, ఎంతమందిని పనిలో ఉంచాలి అన్న ప్రశ్నకు లెక్క కట్టారు. సరుకు నిలవ ఉంటే ఒక ఖర్చు, లేకపోతే మరో ఖర్చు. కొత్తవారిని చేర్చుకున్నా, ఉన్నవారిని తీసేసినా, ఓవర్‌టైమ్ ఇచ్చినా ఖర్చే. వీటన్నిటినీ ఒకే సూత్రంలోకి తెచ్చారు. 1956లో ఐ.బి.ఎం. 650 కంప్యూటరు వచ్చింది. దాని సాయంతో విద్యార్థులు జట్లుగా విడిపోయి, సబ్బుపొడి కంపెనీలు నడుపుతున్నట్టుగా పోటీపడే ఆట కూడా తయారయింది.

ఇంత లెక్కల మధ్య సైమన్ చెప్పినది వేరు. మనిషి అన్ని దారులూ చూసి అత్యుత్తమమైనది ఎంచుకోలేడు. చాలు అనిపించేది దొరకగానే ఆగుతాడు అన్నాడు. ఇది మనకు కొత్త కాదు. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు దేశంలో ఉన్న వరులందరినీ పోల్చిచూస్తామా? నచ్చినది కుదరగానే తాంబూలాలు పుచ్చుకుంటాం. ఈ ఆలోచనలకు 1978లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. లెక్క తెలియాలి, లెక్కకు అందని మనిషీ తెలియాలి - ఆ డిగ్రీ సారాంశం ఇంతే.

1959లో ఫోర్డ్ ఫౌండేషన్, కార్నెగీ కార్పొరేషన్ చెరొక నివేదిక వెలువరించి, అమెరికా బిజినెస్ స్కూళ్ళ చదువులో పస లేదని ఎత్తిచూపాయి. ఆ తర్వాత చాలా స్కూళ్ళు పిట్స్‌బర్గ్ బాట పట్టాయి. మన దేశంలోనూ అవే రోజులు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎం.బి.ఏ. మొదలుపెట్టింది. 1961లో ఎం.ఐ.టి. సాయంతో కలకత్తాలో, కొద్దికాలానికి హార్వర్డ్ సాయంతో అహమదాబాదులో మేనేజిమెంటు సంస్థలు వచ్చాయి. రానురాను ఆ తరగతులు ఇంజనీర్లతోనే నిండిపోయాయి.

కాని కథ ఇక్కడ సుఖాంతం కాలేదు. 1980లో హార్వర్డ్ ఆచార్యులు హేస్, అబర్నతీ ఒక ఘాటైన వ్యాసం రాశారు. అమెరికా కంపెనీల అధికారులు ఆర్థిక పట్టికలే చూస్తున్నారు, ఫాక్టరీలో ఏం జరుగుతోందో, సాంకేతికంగా ఎక్కడ వెనకబడుతున్నారో వారికి తెలియటం లేదు అన్నారు. 1986లో పిట్స్‌బర్గ్ పక్కనే ఉన్న హోమ్‌స్టెడ్ ఉక్కు ఫాక్టరీ మూతపడింది. దానికి కారణాలు అనేకం. నేరమంతా డిగ్రీ మీద మోపటం న్యాయం కాదు. అయినా, ఫాక్టరీని అర్థం చేసుకోవటానికి పుట్టిన చదువు, ఫాక్టరీ ముఖం చూడకుండా బతకటానికి దారిగా మారిపోయిందన్న బాధ చాలామందికి కలిగింది. ఎం.ఐ.టి. 1988లో కంపెనీలతో కలిసి ఇంజనీరింగ్, మేనేజిమెంటు రెండు డిగ్రీలూ జోడించిన కోర్సు పెట్టటం ఆ లోటు పూడ్చటానికే. టౌన్ చెప్పిన మాటకు నూరేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చినట్టయింది.

మనకు దీనితో ఏం పని? ఉంది. డిజైన్ బల్ల దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేసినవాణ్ణి దాటి, నిన్న మొన్న వచ్చినవాడు పైఅధికారి కావటం మనవాళ్ళు చాలామంది చూశారు. ఆ కష్టంతోనే పిల్లలను, ఇంజనీరింగ్ పేరుకు చదివి త్వరగా అటు వెళ్ళిపొమ్మని తొందరపెడుతున్నాం. నాలుగేళ్ళ ఇంజనీరింగ్ ఒక ప్రవేశ టిక్కెట్టు మాత్రమే అయితే, పైన వేసే మేనేజిమెంటు పునాది లేని మేడే అవుతుంది. చేతిపని తెలిసినవాడికి ఖర్చునూ మనుషులనూ చూసే కన్ను ఇవ్వటానికే దీన్ని పెట్టారు. కాబట్టి పిల్లవాడు ఈ చదువుకు వెళ్తానంటే వద్దనవద్దు. ముందు కొన్నాళ్ళు ఏదో ఒకటి తన చేత్తో తయారుచేసి, అది ఎక్కడ చెడుతుందో, దాన్ని ఎవరు బాగుచేస్తారో చూసి వెళ్ళమందాం. అప్పుడు వాడు నడిపేది కాగితాలను కాదు, పనిని.