గుర్రపు లాయం నుంచి గొడ్ల సావిడి దాకా

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణానికి ఆనుకొని సాలువా ఉంది. ఈస్టర్న్ ఫ్రంటియర్ రైఫిల్స్ దళానికి కేంద్రంగా ఆ పేరు ప్రసిద్ధం. పక్కనే ఖరగ్‌పూర్‌లో, బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి స్థిరపడిన తెలుగువారున్నారు. కాడీ నాగలీ ఊళ్లో వదిలి కొలువుకు వచ్చిన కుటుంబాలు వాటిలో ఎన్నో. సైనిక శిబిరం ఒక వైపు, కాడి ఎద్దు జ్ఞాపకం మరో వైపు. మన దేశంలో పెద్ద పశువుల వైద్యం కథ సరిగ్గా ఈ రెంటి మధ్య నడిచింది.

ప్రపంచంలో మొదటి పశువైద్య పాఠశాల 1762లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో మొదలైంది. పశువుల మహమ్మారి భయమే అందుకు ముఖ్య కారణం. ఇక్కడ మాత్రం ఈస్టిండియా కంపెనీకి కావలసింది ఆశ్విక దళానికి గుర్రాలు. 1808లో బీహారులోని పూసా అశ్వశాలను చూసుకోవడానికి విలియం మూర్‌క్రాఫ్ట్ అనే పశువైద్యుణ్ణి రప్పించింది. మేలుజాతి గుర్రాల కోసం ఆయన బుఖారా దాకా వెళ్లి, 1825లో ఆ ప్రయాణంలోనే కన్నుమూశాడు. రైతు ఎద్దుకు జబ్బు చేస్తే మాత్రం నాటు మందూ, వాతలూ, అమ్మవారి మొక్కూ తప్ప మరో దిక్కు లేదు. ఎరువాక వేళ ఎద్దు చస్తే ఆ ఏడు సేద్యం లేనట్టే.

రిండర్‌పెస్ట్, అంటే ముసర వ్యాధి, ఊళ్లకు ఊళ్ల మందలను తుడిచిపెట్టేది. ఈ తెగుళ్లపై వేసిన కమిషన్ 1871లో నివేదిక ఇచ్చింది. 1889లో పూనాలో మొదలైన పరిశోధనశాలను 1893లో కుమావూ కొండల్లోని ముక్తేశ్వర్‌కు తరలించారు. రోగక్రిములతో పనిచేసే చోటు ఊళ్లకు దూరంగా ఉండాలి కదా! కలకత్తాలోని బెల్గాచియాలో పశువైద్య కళాశాల కూడా 1893లోనే వచ్చింది. మద్రాసులో 1903లో, ఆంధ్రకు 1955లో బాపట్లలో కళాశాలలు ఏర్పడ్డాయి. బాపట్ల కళాశాల రెండేళ్లకు తిరుపతికి మారింది.

పెద్ద పశువుల వైద్యుడికి రోగి దగ్గరికి రాదు, తానే వెళ్లాలి. అడ్డం తిరిగిన దూడను తీయడానికి అర్ధరాత్రి లాంతరు వెలుతురులో భుజం దాకా చెయ్యి పెట్టాలి. తాళ్లతో పడదోసిన ఎద్దు కాలు విసిరితే ఎముకలు విరుగుతాయి. వీటికన్నా కష్టం, నా ఉద్దేశంలో, రైతు నమ్మకం సంపాదించడమే. 1920ల్లో ముక్తేశ్వర్‌లో ఎడ్వర్డ్స్ మేకల్లో పెంచి బలహీనపరిచిన క్రిమితో టీకా తయారు చేశాడు. అది నాటు పశువులకు సరిపడింది కాని, సంకర జాతి ఆవులకు తీవ్రంగా జ్వరం తెచ్చేది. బాగున్న గొడ్డుకు సూది వేసి జబ్బు తెప్పించారని రైతు అనుకుంటే తప్పేముంది? వైద్యుడు చెప్పి ఒప్పించాల్సిందే.

1954లో జాతీయ నిర్మూలన కార్యక్రమం ఆరంభమైంది. మన దేశంలో ఆ వ్యాధి చివరిసారి 1995లో కనిపించింది. అయితే వ్యాధి పోయిందని రుజువు చేయాలంటే టీకా ఆపాలి. అన్నేళ్లు టీకాలు వేసిన చేతులు సిరంజి పక్కన పెట్టాయి. పశువైద్య సిబ్బంది ఊరూరా తిరిగి, ఏ గొడ్డుకైనా నోట్లో పుళ్లు పడ్డాయా, పారుకుందా అని అడిగారు. 2006లో భారతదేశానికీ, 2011లో ప్రపంచానికంతటికీ విముక్తి ప్రకటన వచ్చింది.