గుడారాలు తిన్న బూజు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో సోలమన్ దీవుల్లో దిగిన అమెరికా సైన్యానికి అక్కడి వాన, ఉక్క పెద్ద తలనొప్పి. నూలు గుడారాలు, బట్టలు చూస్తుండగానే చివికి పీలికలయ్యేవి. కారణం తేల్చే పని సైన్యానికి సరుకులు అందించే విభాగం మీద పడింది. బూగన్‌విల్ దీవిలో కుళ్లిన గుడ్డ మీద దొరికిన ఆకుపచ్చ బూజుకు వాళ్లు క్యూఎం6ఎ అని గుర్తు వేసుకున్నారు.

దాన్ని చంపడమెలాగన్నది సైన్యం ప్రశ్న. మాసాచుసెట్స్‌లోని నేటిక్ సైనిక ప్రయోగశాలలో ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ మాత్రం దాన్ని పెంచడం మొదలుపెట్టారు. నూలును అంతగా కరిగించే ఎంజైము చేతికొస్తే చిత్తుకాగితాన్ని, గడ్డిని చక్కెరగా మార్చవచ్చు. 1970లలో చమురు ధరలు మండిపోయాక ఈ ఆలోచనకు గిరాకీ పెరిగింది. 1977లో ఆ బూజుకు రీస్ పేరే పెట్టారు: ట్రైకోడెర్మా రీసై.

చిక్కల్లా దాని పొదుపుతోనే. బూజుకు నోరు లేదు. సెల్యులేజ్ ఎంజైములను బయటికి వదిలి, నూలులో, కాగితంలో, గడ్డిలో ఉండే సెల్యులోజును చక్కెరగా కరిగించుకుని పీల్చుకుంటుంది. ఆ ఎంజైములు చేయడం ఖర్చుతో కూడిన పని. అందుకే చుట్టూ ఆ చక్కెర, అంటే గ్లూకోజ్, కనిపించగానే తయారీ ఆపేస్తుంది. మనకు కావలసిన సరుకే మన పనిని ఆపేస్తుందన్నమాట!

రట్గర్స్ విశ్వవిద్యాలయంలో మాంటెనెకోర్ట్, ఎవలీ ఆ పొదుపునే చెడగొట్టారు. బూజు మీద అతినీలలోహిత కాంతి, తర్వాత ఒక రసాయనం, మళ్లీ కాంతి ప్రయోగించి, గ్లూకోజ్‌ను లెక్కచేయని మొండి రకాన్ని ఏరారు. 1979లో లోకానికి తెలిసిన ఆ రకం పేరు రట్-సి30. తయారీకి పగ్గాలు వేసే క్రీ1 అనే జన్యువు దానిలో తెగిపోయిందని చాలా ఏళ్లకు గాని తెలియలేదు. గురి చూసి కొట్టింది కాదు, ఓపికగా వెతికితే దొరికింది.

మంచి రకం దొరికినా దాన్ని పెంచే తొట్టెలో తంటాలు తప్పవు. బూజు పోగులు చిక్కుపడి ద్రవం అంబలిలా చిక్కబడుతుంది, గాలి అందదు. గట్టిగా చిలికితే పోగులు తెగుతాయి. అందుకే మేత ఒకేసారి కుమ్మరించకుండా కొంచెం కొంచెంగా వదులుతారు. ఎంజైము తయారీని ఉసిగొల్పడానికి, చీజ్ తయారీలో మిగిలే నీళ్ల నుంచి వచ్చే లాక్టోజ్ చవకైన మేత. ఇలాంటి కిటుకులన్నీ కలిశాకే లీటరుకు 100 గ్రాములు దాటి ప్రొటీన్ ఇచ్చే రకాలు పరిశ్రమకు దక్కాయి. జీన్స్ బట్టకు వెలిసిన రంగు తేవడంలోనూ సెల్యులేజులు పనికొస్తున్నాయి.

2008లో జన్యుపటం చదివినవాళ్లకు ఆశ్చర్యమే ఎదురైంది. ఇంత పేరున్న బూజులో సెల్యులేజ్ జన్యువులు తోటి బూజుల కన్నా తక్కువే!