మద్యము మానగోరువారి కూటములు



మౌసలపర్వ కథ మీరెల్లరు ఎరిగినదే. ముసలము పుట్టిన పిమ్మట ద్వారకలో ఎవ్వరును మద్యము చేయరాదని చాటింపు వేయించిరి. చేసినవానిని బంధువులతో కూడ కొఱత వేయుదుమనిరి. ఇంతకన్న కఠినమైన శాసనముండునా? అయినను యాదవులు ప్రభాసతీర్థమునకు పోయి, అచట త్రాగి, మాటకు మాట పెరిగి, తుంగతో నొకరినొకరు కొట్టుకొని నశించిరి. శాసనము ఊరిలోని మద్యమును ఆపినది గాని మనుష్యునిలోని దాహమును ఆపలేదు. ఈ కథను బడిలో ఎన్ని యేండ్లు చెప్పితినో! దాని యర్థము మాత్రము మా యింటనే, ఆలస్యముగా తెలిసికొంటిని.

మన చరిత్రయు నట్లే నడచినది. 1937 అక్టోబరు 1న రాజగోపాలాచారిగారి ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధము నారంభించెను. మరుసటి యేట అది కడప, చిత్తూరు జిల్లాలకు వచ్చెను. యుద్ధకాలమున సడలి, మరల 1948 అక్టోబరు 2 నాటికి మన గోదావరి సీమతో కూడ మద్రాసు రాష్ట్రమంతట అమలయ్యెను. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఈ విషయముననే ఒక్క వోటు తేడాతో కూలెను. తరువాతి కాలమున నిషేధమే తొలగెను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, రాత్రిబడిలో అక్షరములు నేర్చుచు, తమ కథయే పాఠముగా చదివికొని, సారా దుకాణము మూయించిరి. రోశమ్మగారి పేరు నాడు దేశమంతట వినబడెను. ఆ యుద్యమఫలముగా 1993 అక్టోబరు 1న సారాయు, 1995 జనవరి 16న సమస్త మద్యమును నిషిద్ధములయ్యెను. 1997లో అదియు సడలెను. ఆ తల్లుల సాహసమునకు నమస్కరించుచున్నాను. కాని ఒక ప్రశ్న మిగిలినది. దుకాణము మూసిననాడు, అంతవరకు త్రాగుచున్నవాని గతి యేమి?

నా తమ్ముడు లంకలో కొబ్బరితోట చూచుకొనువాడు. త్రాగుడు వానిని పట్టుకొనినది. నేను నీతిపద్యములు చెప్పితిని, దేవుని యెదుట ఒట్టు వేయించితిని, తుదకు పరువు పోవునని వీధితలుపు మూసితిని. ఊరందరికి తెలిసిన సంగతిని మేము మాత్రమే దాచితిమి. ఏబది యేండ్లు నిండకుండనే వాడు పోయెను. కొన్నాళ్లకు వాని కుమారుడు అదే త్రోవ పట్టెను. అయితే వీడు వైద్యుని వలన ఒక కూటము జాడ తెలిసికొని, తనంత తానే పోయెను.

ఆ కూటముల పుట్టుక వినదగినది. 1840లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున ఆరుగురు త్రాగుబోతులు కూడి మానుదుమని ప్రతిన పట్టిరి. ఆ సంఘము వేగముగా పెరిగి, వాదములలో చిక్కి, కొలది యేండ్లకే క్షీణించెను. 1935లో అక్రాను అను ఊరికి వ్యాపారము పనిమీద వచ్చిన విల్సన్ అనునతడు, పని చెడి, మరల త్రాగవలెనను కోరిక పుట్టగా, తనవంటి మరియొక త్రాగుబోతును వెదకికొని మాటలాడెను. ఆ రెండవవాడు శస్త్రవైద్యుడగు స్మిత్. అదే సంవత్సరము జూన్ 10న ఆ వైద్యుడు తుదిసారి త్రాగెను. ఇతరుని నిలబెట్టుటచే తాను నిలుచునని వారు కనుగొనిరి. ఆ సంఘమునకు ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా అనామకులైన త్రాగుబోతులని పేరు. 1957లో అది మన దేశమునకు వచ్చినది. త్రాగువారి కుటుంబములకై 1951లో ఆలనాన్ అను వేరొక సంఘము వెలసినది.

ఇతరులను రానిచ్చు కూటమొకటి జరిగిననాడు మావాడు నన్ను తోడుకొనిపోయెను. చిన్న గది, కొన్ని కుర్చీలు, తేనీరు. రుసుము లేదు. కులమడుగువారు లేరు. మానవలెనను కోరిక యొక్కటే అర్హత. ఒక్కొక్కరు లేచి తన పతనమును తానే చెప్పుకొనిరి, తక్కినవారు వినిరి. అచట విన్నది బయట చెప్పరాదు. నావంటి బోధకునికి అచట పనియే లేదు. మేము పరువుకై దాచినది రోగమును పెంచినది. వారు పేరు మాత్రము దాచి రోగమును బయట పెట్టుచున్నారు. తిరుగు దారిలో మావాడు, “పెదనాన్నగారూ, ఇటువంటి చోటున్నదని నాన్నగారికి ఎవ్వరును చెప్పలేదా?” అని యడిగెను. నా యొద్ద సమాధానము లేకపోయెను.

కనుక పెద్దలారా, మీరు చెప్పుడు. కూటమెక్కడ జరుగునో అమలాపురము ప్రభుత్వాసుపత్రి వైద్యుల నడుగుడు. 14446 అను ఉచిత ఫోను నెంబరునకు అడుగుడు. స్వగ్రామమున సిగ్గుపడువాడు రేవు దాటి వేరొక ఊరికి పోవచ్చును. రాజోలువానిని కొత్తపేటలో గుర్తించువారు తక్కువ. ఒక్క హెచ్చరిక: చిరకాలము మిక్కిలిగా త్రాగినవాడు వైద్యుని చూడక హఠాత్తుగా మానరాదు, వణకు, మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము రావచ్చును.

దగ్గరలో కూటమే లేదందురా? అక్రానులో మొదట కూర్చుండినవారు ఇరువురే. మీ వీధియరుగుమీద ఇరువురికి చోటు లేకపోదు. నాడు నేను మూసిన తలుపును మీరు తెరచియుంచుడు.